తొంభై ఆరు మార్కుల ముద్దాయి

ఇరవై రెండేళ్ల సర్వీసులో నాకు బాగా వచ్చిన పని ఒక్కటే, జేబుదొంగల్ని పట్టుకోవడం. విశాఖపట్నం బస్టాండులో ఓ మూల నిలబడి వేరుశెనక్కాయలు తింటూ, ఎవడి చూపు ఎవడి జేబు మీద ఉందో చెప్పేవాణ్ని. అంతకు మించిన తెలివి నాకుందని మా ఇంట్లో కూడా ఎవరూ అనుకోలేదు. నన్ను కూరలకు పంపిస్తే చిల్లర లెక్క మా ఆవిడ మళ్లీ చూసుకుంటుంది.

అలాంటి నన్ను, కోరాడ సన్యాసినాయుడు అనే ఇన్‌స్పెక్టరుని, ప్రభుత్వం వారు కోట్ల రూపాయల మోసాల మీదికి తోలారు.

తప్పు ప్రభుత్వానిది కాదు. ఆ ఏడాది పెద్దమనుషుల నేరాల మీద యుద్ధం ప్రకటించారు. కత్తి పట్టినవాడి కంటే కలం పట్టినవాడు ప్రమాదకారి అన్నది కొత్త విధానం. దానికోసం ‘శ్వేతవస్త్ర నేరాల ఆధునిక పరిశోధనా కేంద్రం’ అని సముద్రం కనబడే అద్దాల మేడలో ఒక ఆఫీసు తెరిచారు. మనుషుల్ని ఎంచడానికి మా అందరికీ ఒక ఫారం ఇచ్చారు. అందులో ఒక గడి, ‘ఆర్థిక వ్యవహారాలలో పూర్వానుభవం’. అందరూ దాన్ని ఖాళీగా వదిలేశారు. నేను మాత్రం బాగుండదని, ‘పోలీసు క్వార్టర్సు వినాయక ఉత్సవ కమిటీ కోశాధికారి, రెండేళ్లు’ అని రాశాను. రెండో ఏడు లెక్క తేలక నన్ను తీసేశారన్న సంగతి రాయడానికి గడిలో చోటు చాల్లేదు.

వారం తిరక్కుండా ఆర్డరొచ్చింది.

కేంద్రం డైరెక్టరు దండపాణి గారు. ఆయన మామూలుగా మాట్లాడినా జీవో చదువుతున్నట్టుంటుంది. మొదటి రోజే నన్ను నిలబెట్టి, “సన్యాసినాయుడు గారూ, ఆర్థిక నేపథ్యం గల అధికారి లభించడం ఈ కేంద్రానికి శుభసూచకం. ‘ఐశ్వర్యధార’ కేసును తమకు అప్పగించుట జరుగుతున్నది” అన్నారు. నేను సెల్యూట్ కొట్టాను. తెలియని విషయం ఎదురైనప్పుడు సెల్యూట్ కొట్టడం నాకు మొదట్నుంచీ అలవాటు.

ఐశ్వర్యధార అనేది డిపాజిట్ల కంపెనీ. ఆటోలు నడిపేవాళ్లు, కుట్టుపని చేసేవాళ్లు, చేపలమ్మేవాళ్లు, ఇలా తొమ్మిది వేల మంది వారం వారం కట్టిన డబ్బు పుచ్చుకుని, గడువు వచ్చేసరికి తలుపులు మూసేసింది. దాని చైర్మన్ వేమవరపు శ్రీకంఠం గారు. స్వయంగా పెద్ద ఆడిటరు. మేము ఆ ఆఫీసు మీద పడి నాలుగు వందల పన్నెండు పెట్టెల కాగితాలు పట్టుకొచ్చాం. పేపర్లలో ఫోటో కూడా పడింది. పెట్టెల ముందు నేను నిలబడి ఉంటాను, అవన్నీ చదివినవాడిలా.

రెండు నెలలు ఆ పెట్టెలకు నంబర్లు వేశాం.

ప్రతి సోమవారం లంక సూరీడమ్మ వచ్చేది. ఆవిడ ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగి అమ్ముకునే మనిషి. కూతురు నర్సు చదువుకోసం ఆరేళ్లుగా కట్టింది ఐశ్వర్యధారలో పోయింది. కాలేజీ వాళ్లు ఆ పిల్లను పరీక్షకు కూర్చోనివ్వలేదు. గంప మెట్ల దగ్గర దింపి, అద్దాల తలుపు రెండు చేతులా తోసుకుని లోపలికొచ్చేది.

“ఎంతకొచ్చినాది బావూ?”

“నూట ఎనభై నాలుగో పెట్టె దాకా వచ్చాం అమ్మా.”

“ఏటున్నాది దాన్ల?”

“కాగితాలు.”

“ఆటి మీదేటి రాసున్నాది?”

అది ఆవిడ అడక్కుండా ఉంటే బాగుండేది. “దర్యాప్తు జరుగుతోంది” అనేవాణ్ని.

ఇంక లాభం లేదని శ్రీకంఠం గారిని విచారణకు పిలిచాను. నా పద్ధతి నాకుంది. దొంగను ఎదురుగా కూర్చోబెట్టి, చాలాసేపు ఏమీ మాట్లాడకుండా కళ్లలోకి చూస్తాను. పది నిమిషాల్లో వాడికి చెమట పడుతుంది. శ్రీకంఠం గారు మల్లెపువ్వులాంటి చొక్కాతో వచ్చి, నమస్కారం పెట్టి కూర్చున్నారు. నేను చూశాను. ఆయనా నన్ను దయగా చూశారు. పదో నిమిషానికి చెమట నాకు పట్టింది.

“డబ్బెక్కడ దాచావ్?” అని గద్దించాను.

“దాచడమేమిటండీ? మా వార్షిక నివేదిక ముప్పై ఏడో పేజీలో, పద్నాలుగో నోటు కింద స్పష్టంగా చూపించామే. అనుబంధ సంస్థలకు తాత్కాలిక బదలాయింపు. తమరు చూసే ఉంటారు.”

“చూశాను” అన్నాను. హెడ్ కానిస్టేబుల్ పోలినాయుడు నావైపు చూశాడు. అతను రాయడం మానేసి చాలాసేపయింది.

శ్రీకంఠం గారు బల్ల మీదున్న మా జప్తు పట్టీ తీసుకుని, కళ్లజోడు సర్దుకుని చదివారు. “ఒకే లెడ్జరు మూడు చోట్ల ఎక్కిందండీ. అసలు ముఖ్యమైన రిజిస్టరు ఎక్కలేదు. అది రెండొందల ఆరో పెట్టెలో అడుగున ఉండాలి.”

వెతికితే ఉంది! ఇరవై రెండేళ్లలో నాకు ఇంత సాయపడిన నేరస్తుడు లేడు. బస్టాండు దొంగలు పర్సులో డబ్బు తీసి, పర్సు ఏ కాలవలో పడేశారో కూడా చెప్పేవారు కాదు.

ఆ ఆనందంలో పరుగున వెళ్లి డైరెక్టరు గారికి చెప్పాను. అక్కడ చేశాను అసలు తప్పు. ఆయన కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికెళ్లి సముద్రం వైపు చూశారు.

“ఇది కేవలం కేసు కాదు, సన్యాసినాయుడు గారూ. ఇదొక నమూనా. ఇంతవరకు పరిశోధకుడు ఒకవైపు, నిందితుడు ఒకవైపు. ఇంత విజ్ఞానం అవతలి పక్క వృథా అవుతున్నది. భాగస్వామ్య పరిశోధనకు తరుణం ఆసన్నమైనది.”

ఆ వారంలోనే సర్క్యులర్ వచ్చింది. ‘నేరమును గూర్చి సమగ్ర అవగాహన నేరము చేసిన వ్యక్తికి మాత్రమే ఉండుట గమనించబడినందున, సదరు వ్యక్తి సేవలను వినియోగించుకొనుటకు’ ఉత్తర్వులు. సహకరించే ముద్దాయికి వందకు మార్కులు. డెబ్బై దాటితే అరెస్టుండదు. ఎనభై దాటితే విషయ నిపుణుడు. శ్రీకంఠం గారికి తొంభై ఆరు వచ్చాయి. వేసింది నేనే. నాలుగు ఎందుకు తగ్గించానంటే, పూర్తి మార్కులు వేస్తే నాకు ఆయన మీద అభిమానం ఉందనుకుంటారని.

నిపుణుడు కనుక రోజూ పదింటి నుంచి ఐదింటి దాకా కేంద్రానికి రావాలి, వేలిముద్ర యంత్రంలో హాజరు వేయాలి. ఆయన ఒక్క నిమిషం ఆలస్యం అయ్యేవారు కాదు. మూడో నెలలో డైరెక్టరు గారు మా అందరికీ మెమో ఇచ్చారు, ‘హాజరు విషయమున సిబ్బంది ముద్దాయిని ఆదర్శముగా తీసుకొనవలెను’ అని. ఆయనకు కిటికీ పక్క బల్ల, తెల్ల తువ్వాలు వేసిన కుర్చీ ఇచ్చారు. అదివరకు ఆ కుర్చీ నాది.

సాయంత్రం నాలుగు నుంచి ఐదు వరకు ఆయన మాకు అకౌంట్లు చెప్పేవారు. మంచి మాస్టారు. విసుక్కునేవారు కాదు. నెలాఖరుకి పరీక్ష పెడితే నాకు ముప్పై ఒకటి వచ్చాయి. పాసు మార్కు ముప్పై ఐదు. ‘అధికారి గారి పరువు’ అని పక్కన చిన్నగా రాసి, నాలుగు కలిపి పాస్ చేశారు. ఆ కాగితం ఇంటికి పట్టుకెళ్లి మా ఆవిడకు చూపించాను. ముద్దాయి దయతో పాసయ్యానన్న సంగతి మటుకు చెప్పలేదు.

ఒక సోమవారం సూరీడమ్మ వచ్చి కిటికీ వైపు చూసి ఆగిపోయింది.

“ఆ బావే గదా మా డబ్బులట్టుకుపోయినోడు?”

“ఆయన మాకు సాయం చేస్తున్నారమ్మా.”

“దేనికి?”

“ఆయన్ని పట్టుకోవడానికి.”

సూరీడమ్మ నన్ను చాలాసేపు చూసింది. బస్టాండులో నేను చూసేదే ఆ చూపు. తర్వాత మెట్లు దిగి గంప ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత సోమవారాలు రావడం మానేసింది. పెండింగు తగ్గిందని నేను సంతోషించాను. ఆ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది, అయినా అప్పుడు సంతోషించిన మాట నిజం.

ఛార్జిషీటు కూడా ఆయనే రాశారు. పంతొమ్మిది వందల పేజీలు. అందులో ఆయన తన మీద ఎంత కఠినంగా ఉన్నారంటే, చదివినవాళ్లకు జాలేసేది. ఒకరోజు ఒక పేజీ పట్టుకుని నా దగ్గరకొచ్చారు.

“ఇక్కడ నన్ను ‘అజాగ్రత్త’ అని వదిలేశానండీ. ‘దురుద్దేశం’ అని మార్చనా?”

“మీ ఇష్టం సార్” అన్నాను. ఎప్పుడు మొదలైందో తెలీదు గాని, అప్పటికే ఆయన్ని సార్ అంటున్నాను.

పేజీ పేజీకీ సంతకం పెట్టడానికి నాకు ఆరు రోజులు పట్టింది. బొటనవేలు వాచింది. మెడికల్ లీవు అడిగితే డైరెక్టరు గారు, ‘ఇది విధినిర్వహణలో గాయము’ అని నా పేరు పురస్కారానికి పంపారు. శాలువా కప్పారు, ఉత్తమ పరిశోధకుడని పత్రం ఇచ్చారు. పక్క రాష్ట్రాల నుంచి అధికారులు మా నమూనా చూడ్డానికి వచ్చారు. వాళ్లకు పరిశోధన గురించి వివరించమని డైరెక్టరు గారు నన్ను పిలిస్తే, నేను శ్రీకంఠం గారిని పిలిచాను.

ఇక కోర్టు.

కోర్టు హాల్లో జడ్జిగారి బల్ల మీద ఛార్జిషీటు తొమ్మిది కట్టలుగా పెట్టారు. వాటి వెనక జడ్జిగారు నుదుటి బొట్టు దాకానే కనిపిస్తున్నారు. నేను బోనెక్కాను. శ్రీకంఠం గారి లాయరు పొట్టి మనిషి, గొంతు మాత్రం పొడుగు.

“ఇన్‌స్పెక్టరు గారూ, రెండొందల పన్నెండో పేజీలో ‘చక్ర బదలాయింపు’ అన్నారు. అంటే ఏమిటి?”

“ఆ పేజీలోనే ఉందండీ.”

“పేజీలో ఉన్నది నాకు కనిపిస్తోంది. మీకు తెలిసింది చెప్పండి.”

ముప్పై ఒక్క మార్కులవాణ్ని, ఏం చెబుతాను! “డబ్బు… చక్రంలా… బదిలీ అవుతుంది” అన్నాను. వెనక ఎవరో నవ్వారు.

“ఈ ఛార్జిషీటు ఎవరు రాశారు?”

నేను శ్రీకంఠం గారి వైపు చూశాను. ఆయన ఎప్పట్లాగే దయగా చూశారు, క్లాసులో జవాబు తెలిసినా చెప్పని మాస్టారిలా. అబద్ధం చెప్పొచ్చు. కానీ అబద్ధాన్ని నిలబెట్టడానికి కూడా కొంచెం లెక్క తెలియాలి.

“ముద్దాయి గారు” అన్నాను.

లాయరు జడ్జిగారి వైపు తిరిగారు. తన మీద తానే సాక్ష్యం చెప్పుకోమని ఏ పౌరుణ్నీ బలవంతం చేయరాదని రాజ్యాంగం అంటోంది. కానీ తన క్లయింటు చేత పంతొమ్మిది వందల పేజీలు రాయించారు. బలవంతం లేదంటారేమో, ఇదిగో వేలిముద్రల హాజరు పట్టీ, ఏడు నెలలు, పది నుంచి ఐదు. రాయకపోతే మార్కులు తగ్గిస్తాం, తగ్గితే అరెస్టు చేస్తాం అన్న సర్క్యులర్ ఇదిగో, అన్నారు. ఆ సర్క్యులర్ తెలుగు కూడా శ్రీకంఠం గారే దిద్దారని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

జడ్జిగారు రెండు రోజుల తర్వాత ఉత్తర్వులిచ్చారు. పంతొమ్మిది వందల పేజీలూ వాపసు. అరవై రోజుల్లో కొత్తగా దర్యాప్తు చేసి ఛార్జిషీటు వేయాలి. ముద్దాయి సాయం తీసుకోరాదు. అంతవరకు నేను చదవగలిగాను. చివరి వాక్యం పోలినాయుడు చదివి వినిపించాడు: “పరిశోధనాధికారి తనకు అర్థమైనది మాత్రమే రాయవలెను.”

“అయితే సార్, ఒక తెల్లకాగితం చాలు” అన్నాడు. అతను హాస్యానికి అనలేదు.

వరండాలో శ్రీకంఠం గారు నా చెయ్యి పట్టుకుని, “ఏమీ అనుకోకండి. కోర్టు వేరు, మన స్నేహం వేరు” అన్నారు. నేను ఏమీ అనుకోలేదని చెప్పాను.

తెల్లకాగితం ముందేసుకుని మూడు రోజులు కూర్చున్నాను. నాకు అర్థమయ్యేవి ఏమున్నాయి? మనుషుల చూపులు, జేబులు, చేతులు. లెడ్జర్లకు అవేవీ లేవు. నాలుగో రోజు పోలినాయుణ్ని వెంటబెట్టుకుని సూరీడమ్మను వెతుక్కుంటూ వెళ్లాను. రెల్లివీధి మలుపులో గోడ నీడన గంప దింపుకుని కూర్చుంది. మమ్మల్ని చూసి లేవలేదు.

“ఏటి బావూ, ఆ బావుని ఆయనే అట్టుకున్నాడా?”

“లేదమ్మా. తప్పయింది. నువ్వు డబ్బెలా కట్టావో చెప్పు.”

ఇన్ని నెలల్లో నేను ఆవిణ్ని ఆ ప్రశ్న అడగలేదు. డిపాజిటర్ల వాంగ్మూలాలన్నీ శ్రీకంఠం గారు తయారుచేసిన అచ్చు ఫారాల్లో, పేరూ వేలిముద్రా తప్ప అన్నీ నింపేసి ఉండేవి.

“సుక్కురవారం సుక్కురవారం ఏజెంటొచ్చీవోడు. సంచీలో ఏసుకుని బేంకుకెల్తన్నానని సెప్పీవోడు. బేంకు కిందకి గదా? ఆడు మీదకెల్లీవోడు. ఒకరోజు నా గంపట్టుకుని ఎనకాలే ఎల్లినాను.”

“ఎక్కడికి వెళ్లాడు?”

“ఆ కొండ కాడ కొత్తగా లాడ్జి కట్టినారు సూడు, అక్కడికి. అప్పుడది ఒకటే అంతస్తు. మా సేపలోల్ల సంఘంలో పదిమంది సేరినాక రెండోది లేసినాది. మేం కట్టీకొద్దీ అది లేసినాది బావూ. నాలుగోదానికి అద్దాలెట్టినారు.”

“ఈ మాట ఎవరికీ చెప్పలేదా?”

“మీరడిగినారేటి? ఎంతసేపూ పెట్టె నెంబరు సెప్పీవోరు.”

ఆ లాడ్జి నాలుగు వందల పన్నెండు పెట్టెల్లో దేన్లోనూ లేదు. పంతొమ్మిది వందల పేజీల్లోనూ లేదు. శ్రీకంఠం గారు అబద్ధం రాయలేదు. కాగితాల్లో ఉన్న పాపాలన్నీ ఒప్పుకున్నారు, కాగితాల్లో లేనిదాన్ని ముట్టుకోలేదు, అంతే.

లాడ్జి ఆయన బావమరిది పేర ఉంది. ఆ బావమరిది ఒక బడిలో డ్రిల్లు మాస్టారు. బడి మైదానంలో ఈల మెడలో వేసుకుని పిల్లల్ని పరిగెత్తిస్తున్నాడు. “నాలుగంతస్తులు ఎలా కట్టావయ్యా?” అని అడిగాను. నిజం చెప్పడానికి తడుముకోవాల్సిన అవసరం అతనికి తోచలేదు.

“నేనెక్కడ కట్టానండీ? బావగారు కట్టించారు. నేను సంతకం పెట్టానంతే.”

సంతకం పెట్టానంతే! ఆ మాట నాకు ఎంత బాగా అర్థమైందో చెప్పలేను.

అక్కణ్నుంచి సిమెంటు కొట్టుకి వెళ్లాం. కొట్టు యజమాని లాడ్జి పేరు వినగానే మొహం చిట్లించాడు.

“మర్చిపోతానా సార్? అన్నీ పదులూ ఇరవైలూ యాభైలూ. సంచుల్తో తెచ్చేవోరు. లెక్కెట్టడానికే ఇద్దరు మనుసులు. పైగా ఆ నోట్లు ఎండుచేపల కంపు. మా ఆవిడ గొడవ పడలేక వేరే డబ్బాలో పెట్టీవోణ్ని.”

పోలినాయుడు ఆ ముక్క రెండుసార్లు రాసుకున్నాడు.

యాభై ఎనిమిదో రోజుకి నా ఛార్జిషీటు తయారైంది. పదకొండు పేజీలు. నా చేతిరాతే. ఎవరు కట్టారు, ఎవడు సంచిలో వేసుకున్నాడు, సంచి ఏ దారిన పోయింది, ఆ దారి చివర ఏం లేచింది, నాకు తెలిసింది రాశాను. పద్నాలుగో నోటు గురించి రాయలేదు. అది నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

డైరెక్టరు గారు ఆ పదకొండు పేజీల్ని రెండు వేళ్లతో పట్టుకున్నారు.

“ఇది ఛార్జిషీటా? కేంద్ర ప్రమాణముల ప్రకారం కనీసం పదిహేను వందల పేజీలు ఉండవలెను. విషయసూచిక లేదు. అనుబంధములు లేవు. పైపెచ్చు ‘చేపల కంపు’ అను పదం వాడబడినది. దీనిని జాతీయ సదస్సులో ఎట్లు ప్రదర్శించగలం?”

“ప్రదర్శించొద్దు సార్, కోర్టులో వేద్దాం” అన్నాను. ఆ ధైర్యం ఎక్కణ్నుంచి వచ్చిందో తెలీదు. బహుశా కుర్చీ ఎలాగూ పోయిందన్న నిబ్బరం.

జడ్జిగారు అన్ని పేజీలూ బెంచి మీదే కూర్చుని చదివేశారు. ఆ రోజే అభియోగాలు ఖాయం చేశారు, లాడ్జి జప్తు చేయమన్నారు. శ్రీకంఠం గారు నా కాగితాలు రెండుసార్లు తిరగేసి తన లాయరు చెవిలో ఏదో అడిగారు. లాయరు తల అడ్డంగా ఊపారు. అప్పుడు మొదటిసారి ఆయన నావైపు దయగా చూడ్డం మానేశారు.

తీర్పు సంగతి ముందే చెప్పేస్తాను. ఆయనకు ఏడేళ్లు పడింది. లాడ్జి వేలమేస్తే డిపాజిటర్లకు రూపాయికి ముప్పై పైసలు వచ్చాయి. సూరీడమ్మ కూతురు ఆ ఏడు పోగొట్టుకుని మరుసటి ఏడు పరీక్ష రాసింది. మిగతా డెబ్బై పైసలు ఎక్కడున్నాయో కనిపెట్టడానికి కేంద్రం వారు ఒక నిపుణుల సంఘం వేశారు. నన్ను అందులో వేసుకోలేదు. ప్రమాణాలు పాటించనందుకు మెమో ఇచ్చి మళ్లీ బస్టాండుకి పంపారు. శాలువా మాత్రం వెనక్కి అడగలేదు.

కానీ ఇవన్నీ కాదు నాకు గుర్తున్నది. సూరీడమ్మ సాక్ష్యం చెప్పిన రోజు. బోనులో గంప లేకుండా నిలబడితే ఆవిడ మరీ చిన్న మనిషిలా కనిపించింది. పొడుగు గొంతు లాయరు వార్షిక నివేదికలో ముప్పై ఏడో పేజీ తీసి ఆవిడ ముందు పెట్టారు.

“ఇది చదవగలవా? అనుబంధ సంస్థ అంటే తెలుసా? కంపెనీ లెక్కల గురించి నీకేం తెలుసని సాక్ష్యం చెప్పడానికి వచ్చావు?”

సూరీడమ్మ ఆ పేజీని మర్యాదగా వెనక్కి జరిపింది.

“నాకు లెక్కలు రావు బావూ. ఇచ్చింది తెల్సు. మల్లా ఇయ్యనేదని తెల్సు. మద్దెన ఏటైనాదో ఆ బావుకి తెల్సు.”

లాయరు ఆ పేజీ తీసుకుని వెళ్లి కూర్చున్నారు. జడ్జిగారు బోను పక్కనే కూర్చున్న నావైపు తిరిగి, పరిశోధనాధికారిగా ఇంకేమైనా చెప్పాలా అని అడిగారు. ఉత్తమ పరిశోధకుణ్ని కదా, ఆ సందర్భానికి తగ్గట్టు నాలుగు బరువైన మాటలు చెప్పాలనిపించింది. చొక్కా సర్దుకుని లేచాను. ప్రజాధనం, విశ్వాసం, వ్యవస్థ అని లోపల వరస కుదుర్చుకుంటున్నాను.

సూరీడమ్మ బోనులోంచి వంగి, నాకు మాత్రమే వినిపించేట్టు అంది.

“కూకో బావూ, అయిపోనాది.”

కూర్చున్నాను.